కోటిపల్లిలో ఆగిన రైలు

కోనసీమకి రైలు దండగ, బస్సులు చాలవా అని మా ఆఫీసులో గోదావరోళ్ళే అంటుంటారు. వాళ్ళు చూపించే సాక్ష్యం కాకినాడ-కోటిపల్లి లైను. 1928లో వేసి, యుద్ధకాలంలో 1940లో పీకేసి, 2004లో మళ్ళీ వేసిన 45 కిలోమీటర్లు. దానిమీద తిరిగిన ఒంటిపెట్టె రైలుబస్సుని జనం పెద్దగా ఎక్కలేదు.

ఎలా ఎక్కుతారండీ? ఆ పట్టాలు గౌతమి గట్టునే ఆగిపోయాయి! అమలాపురం పోవాలంటే అక్కడ దిగి, పంటు మీద ముక్తేశ్వరం చేరి, మళ్ళీ బస్సు పట్టుకోవాలి. సగం రాసిన ప్రోగ్రాం నడిపి, ఫలితం రాలేదన్నట్టుంది ఈ వాదన.

అసలు లైను కోటిపల్లి నుంచి నరసాపురం దాకా, ఇంకో 57 కిలోమీటర్లు. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు, 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కట్టాలి. ఖర్చంతా అక్కడే.

ఊళ్ళమధ్య తిరగడానికి బస్సే మేలు, ఒప్పుకుంటాను. రైలు కావాల్సింది పండక్కి రాజమండ్రిలో దిగి బస్సుల కోసం పరిగెత్తే మనలాంటి వాళ్ళకీ, దూరాలు పోయే కొబ్బరికీ.

నన్నడిగితే, వేస్తే నరసాపురం దాకా వెయ్యాలి, లేకపోతే మొదలెట్టకూడదు. నదిలో నిలబెట్టిన స్తంభాలు రైలొచ్చేదాకా పైసా సంపాదించవు. మీరేమంటారు?