న్యాయస్థాన వినోదములు: మూషికాపరాధము



దొంగలను గూర్చియు, దొంగలను పట్టబోయి తామే దొంగలైనవారిని గూర్చియు ఈ పుటలలో పెక్కుమాఱులు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున నేను మీ యెదుట నిలువబెట్టదలచిన ముద్దాయికి నాలుగు కాళ్లును, ఒక తోకయు గలవు. అతని యింటిపేరు తెలియదు, గోత్రము తెలియదు. నివాసము మాత్రము మన వంటయింటి గోడమూలనున్న కలుగే. విఘ్నేశ్వరుని వాహనమగుటచే ఇంచుక పలుకుబడి గలవాడు గూడ. ఇతనిపై వచ్చిన అభియోగములకు లెక్కలేదు గాని, ఒక్కనాడైనను ఠాణా గడప త్రొక్కి యెఱుగడు.

2021వ సంవత్సరము జూలై మాసమున మన మహబూబాబాదు జిల్లాలోని యొక తండాలో జరిగిన సంగతి మీలో కొందఱికి జ్ఞాపకముండవచ్చును. కూరగాయలమ్ముకొని జీవించు నొక వృద్ధునికి కడుపులో కణితి యేర్పడినది. శస్త్రచికిత్స కావలెననియు, నాలుగు లక్షల రూపాయలగుననియు వైద్యులు చెప్పిరి. ఆయన కొంత కూడబెట్టియు, కొంత అప్పుచేసియు రెండు లక్షలు సమకూర్చుకొని, ఆ నోట్లను గుడ్డసంచిలో నుంచి చెక్కబీరువాలో దాచెను. కొన్నాళ్లకు తెఱచి చూడగా బీరువా బీరువావలెనే యున్నది. నోట్లు మాత్రము తునకలై యున్నవి. ఎలుకలు తమ పని ముగించుకొని వెళ్లినవి.

ఇందులో నెలుక దోషమెంత? ఎలుక ముందుపండ్లు బ్రతికినంతకాలము పెరుగుచునే యుండును. ఏదో యొకటి కొఱికి వానిని అరగదీసికొననిచో దానికి ప్రాణమునకే మోసము. మన నోటుకాగితమో, నూటికి నూఱుపాళ్లు ప్రత్తితో జేసినది. పిల్లలను బెట్టబోవు నెలుకకు మెత్తని ప్రత్తి కనబడినచో, దానిపై గవర్నరుగారి సంతకమున్నదా లేదా యని చూచునా? మనము పురిటిపక్కకు పాతచీరలు వెదకినట్లే అదియు వెదకినది. పాతచీరకును, ముసలివాని ప్రాణమునకును గల భేదము దానికేమి తెలియును?

ఆ తునకలు చేతబట్టుకొని ఆయన బ్యాంకులకు తిరిగెను. ఇవి మేము తీసికొనజాలము, హైదరాబాదులోని రిజర్వుబ్యాంకునకు పొమ్మనిరి. కడుపులో కణితి, చేతిలో కాగితపు ముక్కలు, ఎదుట హైదరాబాదు దారి! పత్రికలవారు ఈ వార్త ప్రకటింపగా, అప్పటి గిరిజన, స్త్రీశిశు సంక్షేమశాఖల మంత్రిణి శ్రీమతి సత్యవతి రాథోడ్ గారు చికిత్సకు తోడ్పడెదమని మాటయిచ్చిరి. మంచిపనియే. అయినను, ఎలుక కొఱికిన ప్రతి యింటిముందును పత్రికా విలేఖరి నిలిచియుండడు గదా!

ఇక చట్టమేమనుచున్నదో చూతము. 1934వ సంవత్సరపు రిజర్వుబ్యాంకు చట్టములో 28వ సెక్షను గలదు. పోయిన నోటునకు గాని, దొంగిలింపబడిన నోటునకు గాని, చినిగిన నోటునకు గాని విలువ నిమ్మని హక్కుగా నడుగుటకు ఎవ్వరికిని అధికారము లేదని దాని తాత్పర్యము. అయితే కొన్ని సందర్భములలో బ్యాంకువారు దయతలచి యీయవచ్చునట. ఆ దయకు కొలతలు గలవు. ఆ కొలతలను తెలుపు నిబంధనలు 2009లో వచ్చినవి. క్రొత్తనోట్ల పరిమాణము మాఱుటచే 2018లో సవరింపబడినవి. ఇప్పటి అయిదువందల నోటు పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 6.6 సెంటీమీటర్లు, అనగా 99 చదరపు సెంటీమీటర్లు. అందు తెగిపోని యొకే ముక్క 80 చదరపు సెంటీమీటర్లు మిగిలినచో పూర్తివిలువ. 40 మిగిలినచో సగము. అంతకును తగ్గినచో సున్న. దయను మానికలతో కొలుచుట పురాణములలో గలదేమో గాని, చదరపు సెంటీమీటర్లతో కొలుచుట నేనిప్పుడే వింటిని. ఈ నిబంధనలు ముందుగా చదివి వినిపించియున్నచో, ఎలుకలు నోటునకు 19 చదరపు సెంటీమీటర్లకు మించక ఫలాహారము చేసి, గృహస్థునకు పూర్తివిలువ మిగిల్చెడివి కాబోలు!

నోటు సంగతి యటులుండనిండు, నేరము చేసినవానిని శిక్షింపరాదా యని మీరడుగవచ్చును. పాత శిక్షాస్మృతికి మాఱుగా 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో, "వ్యక్తి" యను మాటలో కంపెనీ గూడ చేరియున్నది, ఎలుక చేరలేదు. శరీరములేని కంపెనీ వ్యక్తి యగును. శరీరమును, సంసారమును, ఆకలియును గల యెలుక వ్యక్తి కాదు.

పూర్వము ఫ్రాన్సుదేశమున ఇట్లుగాదు. పదునాఱవ శతాబ్దారంభమున బర్గండీ ప్రాంతములోని ఓతన్ పట్టణమున, మతాధికారుల న్యాయస్థానములో ఎలుకలపై వ్యాజ్యము వేసిరి. బార్లీపంటను తిని నాశనము చేసినవని నేరము. ముద్దాయిలకు వకీలుండవలెను గనుక, బార్తెలెమీ షాసెనే యను న్యాయవాదిని నియమించిరి. వాయిదానాటికి ఒక్క యెలుకయు రాలేదు. ఆయన లేచి, "నా కక్షిదారులు పెక్కుగ్రామములలో చెదరియున్నారు, ఒక్క సమను వారందఱికిని ఎట్లు చేరును?" అనెనట. న్యాయాధిపతులు అది నిజమేయని, ఊరూర చర్చిలలో సమను చదివించిరి. అప్పుడును ఎవ్వరును రాలేదు. ఆయన మరల లేచి, "దారి దూరము. దారిపొడవున పిల్లులు పొంచియున్నవి. ప్రాణభయము లేక రాజాలని చోటికి ముద్దాయిని రమ్మనుట న్యాయము గాదు" అని వాదించెనని చెప్పుదురు. ఎలుకకు పిల్లి సాక్ష్యమని మనము సామెత చెప్పుకొందుము. ఆ వకీలు పిల్లినే అడ్డుపెట్టుకొని యెలుకను కాపాడెను. తరువాతికాలమున ఆయన ప్రొవాన్సు రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానమునకు అధ్యక్షుడు గూడ నయ్యెను.

నవ్వుకొంటిరి గదా! నేనును నవ్వితిని. నవ్వి, మరల మన తండా ముసలివానిని తలచుకొంటిని. అయిదువందల యేండ్లక్రిందట పంట తిన్న యెలుకలకు వకీలు దొరకెను. సొమ్ము పోగొట్టుకొన్న ఆయన సంచి చేతబట్టుకొని బ్యాంకు బ్యాంకునకు తిరుగునప్పుడు, ఏ ముక్కకెంత వచ్చునో, ఎక్కడికి పోవలెనో కూర్చుండబెట్టి చెప్పువా రాయనకు దొరకలేదు.

మన దేశమున ఎలుకలు కోర్టుకు రాకపోయినను, వాని పేరు మాత్రము తఱచుగా వచ్చుచునే యున్నది. 2016లో బీహారున మద్యనిషేధము వచ్చిన తరువాత పట్టుకొన్న సారాయి తొమ్మిది లక్షల లీటర్లకు పైమాటయట. అందు కొంత కనబడలేదేమని 2017లో విచారింపగా, ఎలుకలు త్రాగినవని పోలీసులు చెప్పిరి. 2022 నవంబరులో ఉత్తరప్రదేశములోని మధురలో అంతకన్న చిత్రము జరిగెను. పట్టుబడిన గంజాయిని చూపుడని న్యాయస్థానమువారడుగగా, ఠాణాల గిడ్డంగులలోని అయిదువందల కిలోలకు పైబడిన గంజాయిని ఎలుకలు తినివేసినవని పోలీసులు మనవిచేసిరి. న్యాయాధిపతి తెలివిగలవాడు. ఎలుకలే తిన్నవని ఋజువు చూపుడనియు, ఎలుకల బెడదను తొలగింపుడనియు ఆజ్ఞాపించెను. ఠాణాలోని మాలు ఎవరి కాపలాలో నుండెనో వారే ఋజువు చేయవలెనను నీతి ఆ యుత్తరువులో గలదు.

ఈ ఋజువు ఏల యడుగవలెనో మన ప్రక్కయూరి సంగతి చెప్పును. 2022 మార్చి నెలాఖరున వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో, కదలలేక పడియున్న రోగిని తీవ్రచికిత్సా విభాగములోనే యెలుకలు కొఱికినవి. ప్రభుత్వమువారు సూపరింటెండెంటును బదిలీచేసి, ఇద్దఱు వైద్యులను సస్పెండు చేసిరి. రోగిని హైదరాబాదు నిమ్సునకు తరలింపగా అక్కడ మరణించెను. ఆయనకు అదివఱకే తీవ్రమైన జబ్బు గలదు. ఎలుకకాటే మరణకారణమని నేననను. కాని, ఆసుపత్రి మంచముమీదికి ఎలుక యెక్కినప్పుడు "ఎలుక కొఱికినది" యనుట ఉత్తరము కాదు, అక్కడినుండియే ప్రశ్న మొదలగును. కలుగు పూడ్చవలసినదెవరు? చెత్త తీయింపవలసినదెవరు? ఎలుక నోరులేనిది గనుక ఏ నేరము మోపినను కాదనదు. అందుచేతనే మన దేశమున దానికింత పని దొరకుచున్నది.

ఇంతగా ఎలుకను సమర్థించుచున్నానని నా కిది బంధువని తలంపకుడు. మా యింటనే నన్ను బట్టియిచ్చినది. పాతపంచాంగముల మూటక్రింద రెండు అయిదువందల నోట్లు దాచుకొంటిని. ఒకనాడు మా వారు ఏదో తిథి చూడవలెనని మూట విప్పిరి. క్రిందనుండి కాగితపు పొట్టు రాలినది. అందులో గాంధీమహాత్ముని కళ్లజోడు మాత్రము చెక్కుచెదరక యున్నది. మా వారు దానిని వ్రేలిపై బెట్టుకొని, "ఏమోయ్, మన యింట నెలుకలు గూడ జీతము తెచ్చుకొనుచున్నవే!" యనిరి. నేనేమందును? "మీ జీతమునుండి మిగిల్చినదేనండీ" యంటిని. బడిపంతులింట రూళ్లకఱ్ఱకు కొదువలేదు గదా, ఇరువురమును కూర్చుండి ముక్కలు కొలిచితిమి. ఒకదానికి 46 చదరపు సెంటీమీటర్లు వచ్చినవి, రెండవదానికి 31. వేయిరూపాయలకు రెండువందల యేబది చేతికి వచ్చినవి. ఏడువందల యేబదియు మూషికార్పణము.

మనము దాచుకొనుట మగవారిమీది అనుమానముచేత గాదు. బిడ్డ జ్వరము, ఫీజు వాయిదా, ఆడబిడ్డ రాక, ఇవి చెప్పి రావు. మిత్రలాభమున హిరణ్యకుడను మూషికము కథ మీరందఱు నెఱుగుదురు. కలుగులో ధనమున్నంతకాలము అది యెత్తున నున్న భిక్షాపాత్రకైనను ఎగిరెను. సన్న్యాసి కలుగు త్రవ్వి ధనము కొనిపోయిన పిమ్మట ఎగురలేకపోయెను. దాచిన సొమ్ము కాళ్లలోని బలమని ఆ కథకు భావము. మన పోపులడబ్బాలోని నోటును అంతే. 2016 నవంబరు 8వ తేదీరాత్రి అయిదువందలు, వేయి నోట్లు చెల్లవనగా ఎన్ని పోపులడబ్బాలు కన్నీటితో మూతలు తెఱచినవో మీకు జ్ఞాపకమే. ఆనాడు ప్రభుత్వోత్తరువు, ఈనాడు ఎలుక, చెదపురుగును మఱవకుడు. 2021 ఫిబ్రవరిలో కృష్ణాజిల్లా మైలవరమున ఒక చిన్నవ్యాపారి యిల్లు కట్టుకొనుటకు పెట్టెలో దాచిన సుమారు అయిదు లక్షలను చెదలు తినివేసినవి.

కావున నా మనవి యిది. మీ పేరున, మీ సంతకముతో, బ్యాంకులోనో తపాలాకార్యాలయములోనో ఒక ఖాతా తెఱువుడు. నిలువ సొమ్ము లేకయే తెఱచు ఖాతాలు 2014 నుండి జనధన పథకమున లభించుచున్నవి. అక్షరము రాని పనిమనిషి యున్నచో ఆమెను గూడ వెంటబెట్టుకొని పొండు; కౌంటరు దగ్గఱ నిలుచుటకు జంకి గుడ్డసంచిని నమ్ముకొనువారే మనలో పెక్కురు. ఇంట నోటు చినిగినచో ముక్కలు పాఱవేయకుడు. చినిగిన నోట్లు మార్చియిచ్చుట బ్యాంకుల విధి. వాని విలువ 5,000 రూపాయలకు మించినచో "కరెన్సీ చెస్టు" గల శాఖ యెక్కడనున్నదని అడిగి అచ్చటికి పోవలెను. కాలినవి, ముట్టుకొన్న పొడియగునవి మాత్రము రిజర్వుబ్యాంకు కార్యాలయమునకు పోవలసినవే. ఈ నాలుగుమాటలు ఆ తండాలో ఎవరైన ముందుగా చెప్పియున్నచో, ఆయన రెండు లక్షలు చెక్కబీరువాలో నుండెడివి కావు.

ఎలుకనేమి చేయవలెనందురా? బోనులో ఎండుకొబ్బరి ముక్క పెట్టుడు. నేనును నిన్న పెట్టితిని. తెల్లవారి చూడగా కొబ్బరి లేదు, ఎలుకయు లేదు, బోను తలుపు మాత్రము పడియున్నది. మా వారు దీనిపై విచారణసంఘము నియమింపవలెనని పట్టుబట్టుచున్నారు.