చెరుకు రసం నుంచి కృష్ణబిలం దాకా

మన డిగ్రీ కాలేజీల్లో ధ్రువణం పాఠాన్ని చంపేశారని నా అభియోగం. పరీక్షకి ఒక వ్యాసప్రశ్న, ప్రాక్టికల్స్‌లో పంచదార ద్రావణం విశిష్ట భ్రమణం, అంతటితో సరి. రికార్డు మీద సంతకం పడగానే పోలారిమీటరు బీరువాలోకి పోతుంది. జహీరాబాదు చుట్టూ ఇంత చెరుకు పండుతుంది గదా, రసంలో పంచదార ఎంతుందో ఫ్యాక్టరీల్లో తేల్చేది ఈ కాంతి మెలికేనని ఎంతమంది రైతుబిడ్డలకు చెప్పాం?

అదే ధ్రువణం కృష్ణబిలాల దగ్గర ఏం చేస్తోందో చూడండి. బిలంలోంచి వెలుగు రాదు. కాని పక్క నక్షత్రం నుంచి లాగిన వాయువు దాని చుట్టూ పళ్ళెంలా తిరుగుతూ, కోటి డిగ్రీల దాకా కాగి, ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. ఎంత దూరమంటే, ఆ పళ్ళెం ఆకారం ఏ టెలిస్కోపుకీ అందదు. అయితే ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిన కిరణం ఒక దిశలోనే ఎక్కువగా కంపిస్తుంది. ఆ దిశ పట్టుకుంటే ఆకారం ఊహకి అందుతుంది. 1964లో రాకెట్టు ప్రయోగంలో దొరికిన సిగ్నస్ ఎక్స్-1ని 2022లో నాసా-ఇటలీ వారి ఇక్స్‌పీ ఉపగ్రహం చూసింది. ధ్రువణం నూటికి 4 వంతులు. దాని దిశా, బిలం దగ్గర నుంచి ఎగజిమ్మే జెట్ దిశా ఒకటే! అంటే వేడి ఎలక్ట్రాన్ల మేఘం బిలం నెత్తిన స్తంభంలా నిలబడి లేదు, పళ్ళెం వెంట పరుచుకుని ఉందన్నమాట. ఏళ్ళ తరబడి వాదులాడుకున్న సంగతి ఇది.

మనవాళ్ళూ ఊరుకోలేదు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్ ఎగిరింది. అందులోని పోలిక్స్ పరికరం బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థ వారిది. ఇక్స్‌పీ 2 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలు చూస్తే, ఇది 8 నుంచి 30 దాకా చూసేందుకు కట్టింది.

"దీంతోని బువ్వొస్తదా?" అంటారు. రాదు. రాదని ఒప్పుకోవడమే మర్యాద. కాని ఈ ప్రశ్న బెంగుళూరులో అడగరు, మనబోటి ఊళ్ళలోనే అడుగుతారు. నా కోపమల్లా అక్కడే. 2022 డిసెంబరులో హైదరాబాదు నుంచి వదిలిన బెలూను గుళిక మనకి దగ్గర్లోనే, మర్పల్లి మండలంలో పొలంలో దిగితే జనం తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. ఆసక్తి లేదని ఎవరనగలరు?

ఇక్స్‌పీ దత్తాంశం ఉచితంగా ఎవరికైనా దొరుకుతుంది. సిలబసులో లేదంటారా, ప్రాజెక్టు అనే పేపరు ఉన్నది ఎందుకు? వచ్చే ఏడాది ఆఖరు సంవత్సరం వాళ్ళలో ఇద్దరికైనా సిగ్నస్ ఎక్స్-1 ఇవ్వమని యూనియన్ తరఫున అడగాలి. కంప్యూటర్ గది తాళంచెవి ఆదివారం కూడా ఎవరో ఒకరి దగ్గర ఉండాలి.