ఒళ్లు తగ్గాలి... పాలు తగ్గకూడదు!

పురుడు పోసుకుని, పుట్టింట్లో మూడు నెలలో ఐదు నెలలో ఉండి అత్తారింటికి వచ్చిన అమ్మాయికి మొదటి వారంలో రెండు మాటలు తప్పవు. 'పిల్లాడు బొద్దుగా ఉన్నాడే' అన్నది ఒకటి. 'నువ్వేందమ్మా, ఇంత ఒళ్లు చేశావు?' అన్నది రెండోది. మొదటి మాటకు మురిసిపోయిన పిల్ల రెండో మాటకు అద్దం ముందుకెళ్లి నిలబడుతుంది. పాత జాకెట్లు పట్టవు. పెళ్లినాటి ఫొటో గోడమీద నుంచి వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది. ఇంకేముంది, ఆ పూట నుంచే రాత్రి అన్నం బంద్!

అమ్మమ్మ ఊరుకుంటుందా? 'పాలిచ్చే పిల్ల కడుపు మాడ్చుకుంటే బిడ్డ గతేంటి? తింటేనే పాలు పడతాయి' అంటూ పళ్లెంలో ఇంకో చెంచా నెయ్యి వేస్తుంది. ఒకరు తగ్గమంటారు, ఇంకొకరు తినమంటారు. ఎవరి మాట వినాలి? నిజానికి ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఆ రెండు సగాలనూ కలుపుకుంటే తల్లి ఒళ్లు తగ్గుతుంది, బిడ్డకు పాలూ తగ్గవు. అయితే అంతకుముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు మీరు బరువు తగ్గాల్సిన వారేనా?

ఒక్క నేల... ఇద్దరు తల్లులు

గుంటూరులోనో ఒంగోలులోనో అపార్ట్‌మెంట్‌లో ఉండే బాలింత సంగతి వేరు. బిడ్డను చీర ఉయ్యాలలో పడుకోబెట్టి పత్తి తీతకో మిరప కోతకో వెళ్లే బాలింత సంగతి వేరు. మొదటి ఆమెకు బరువు దిగకపోవడం బాధ. రెండో ఆమె వద్దన్నా చిక్కిపోతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ రెండు బొమ్మల్నీ పక్కపక్కనే చూపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. 14.8 శాతం మంది ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉన్నారు. వీళ్లూ వాళ్లూ కలిపి చూస్తే 58.8 శాతం మందికి రక్తహీనత. అంటే ఒళ్లు కనిపించినంత మాత్రాన ఒంట్లో బలం ఉన్నట్టు కాదు.

మీరెటువైపు ఉన్నారో తెలుసుకోవడం తేలికే. కాన్పయిన ఆరు వారాల తర్వాత బరువు చూసుకోండి. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగించండి. దాన్నే బీఎంఐ అంటారు. మన దేశస్తులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. 18.5 కన్నా తక్కువైతే బక్కపలచన. ఉదాహరణకు 155 సెంటీమీటర్లు, అంటే సుమారు అయిదడుగుల ఒక అంగుళం ఎత్తున్న అమ్మాయి 55 కిలోలు దాటితే కాస్త ఎక్కువ, 60 దాటితే బాగా ఎక్కువ. 44 కిలోలే ఉందంటే ఆమె తగ్గడం కాదు, పెరగాలి.

అమ్మ ఒంట్లోంచే పాలు

కాన్పు రోజునే అయిదారు కిలోలు తగ్గుతాయి. బిడ్డ, మాయ, ఉమ్మనీరు బయటికొస్తాయి కదా! ఒంట్లో చేరిన నీరు పోవడంతో తర్వాతి రోజుల్లో మరి కాస్త తగ్గుతుంది. గర్భసంచి మామూలు సైజుకు రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత మిగిలేది కొవ్వు. అది కూడా ఊరికే చేరింది కాదు. పాలివ్వడానికి పనికొస్తుందని ఒళ్లు ముందుచూపుతో దాచిపెట్టుకున్నది.

తల్లిపాలే తాగే బిడ్డకు రోజుకు సుమారు ముప్పావు లీటరు పాలు కావాలి. అవి తయారవడానికి శక్తి ఖర్చవుతుంది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు అదనంగా కావాలి. అంటే పాలివ్వడమే సగం వ్యాయామం!

మరి తిండి తగ్గితే పాలు ఎండిపోతాయా? ఈ జాతీయ పోషకాహార సంస్థే ఒకప్పుడు తమిళనాడులోని కూనూరులో ఉండేది. 1958లో హైదరాబాద్ వచ్చింది. అక్కడున్న రోజుల్లో డాక్టర్ సి. గోపాలన్ దక్షిణాది పేద తల్లులను పరిశీలించారు. చాలీచాలని తిండి తినేవాళ్లు కూడా నెలల తరబడి పాలిస్తూనే ఉన్నారు. ప్రకృతి బిడ్డ పక్షాన ఉంటుందన్నమాట. కానీ ఆ ఖర్చు తల్లి ఒంటి మీద పడుతుంది. పైగా బి1, బి12, ఎ లాంటి విటమిన్లు తల్లి తిండిలో లేకపోతే పాలలోనూ తగ్గుతాయి. కాబట్టి తిండి 'ఎంత' అన్నదానికన్నా 'ఏమిటి' అన్నది ముఖ్యం.

పథ్యంలో ఏది ఉంచాలి? ఏది తగ్గించాలి?

మన బాలింత పథ్యంలో మంచివి చాలా ఉన్నాయి. తెలగపిండి, మునగాకు కూరలో మాంసకృత్తులు, కాల్షియం ఉంటాయి. కందిపొడి, పెసరపప్పు, ఆకుకూరలు భేషైనవి. చీరాల, బాపట్ల తీరంలో బాలింతకు పెట్టే సొరపిట్టు మంచి మాంసాహారం. వీటిని మానొద్దు.

బరువు పెరిగేది వీటివల్ల కాదు, వీటి చుట్టూ చేరేవాటి వల్ల. లెక్క చూడండి. పెద్ద చెంచాడు నెయ్యిలో దాదాపు 120 కేలరీలుంటాయి. పూటకు రెండు చెంచాల చొప్పున రెండు పూటలు వేస్తే 480. పాలివ్వడానికి కావలసిన అదనపు కేలరీల్లో చాలాభాగం అక్కడే అయిపోయింది. ఆపైన బెల్లం, నెయ్యి పోసి చేసిన కాయం ముద్ద, పాలలో రెండేసి చెంచాల పంచదార, చూడ్డానికొచ్చిన చుట్టాలు తెచ్చిన స్వీట్లు, మధ్యాహ్నం రెండోసారి అన్నం! ఇదంతా పాలుగా మారదు. నడుం దగ్గర చేరుతుంది. నెయ్యి పూటకో చిన్న చెంచా చాలు.

నీళ్ల విషయంలో మాత్రం పెద్దవాళ్లు నొచ్చుకున్నా సరే, పాతమాట పక్కన పెట్టాల్సిందే. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందన్నది నిజం కాదు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. మన ఎండల్లో మరీ ఎక్కువ. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు మంచినీళ్లో పల్చటి మజ్జిగో తాగండి. కారం తింటే బిడ్డకు కడుపులో మంటన్న భయం కూడా అక్కర్లేదు. మితంగా తినొచ్చు. పచ్చళ్లతో వచ్చే చిక్కు కారం కాదు, వాటిలోని ఉప్పూ నూనే.

నెలకు రెండు కిలోలు చాలు

అమెరికాలోని నార్త్ కరోలినాలో అధిక బరువున్న నలభై మంది పాలిచ్చే తల్లులపై జరిగిన పరిశోధన 2000లో వెలువడింది. బిడ్డకు నాలుగు వారాలు నిండాక వారిలో కొందరికి రోజూ తినేదానిలో 500 కేలరీలు తగ్గించి, వారానికి నాలుగు రోజులు 45 నిమిషాల వ్యాయామం చేయించారు. పది వారాల్లో వాళ్లు సగటున అయిదు కిలోలకు కాస్త తక్కువగా బరువు తగ్గారు. మామూలుగా తిన్న తల్లుల బిడ్డలెంత ఎదిగారో వీళ్ల బిడ్డలూ అంతే ఎదిగారు. అంటే వారానికి అరకిలో చొప్పున, నెలకు సుమారు రెండు కిలోలు తగ్గడం వల్ల ముప్పు లేదు.

మనం ఎలా మొదలుపెట్టాలి? మొదటి ఆరు వారాలు ఆ ఊసే వద్దు. గాయం మానాలి, పాలు కుదురుకోవాలి. మన రాష్ట్రంలో 2019-21 సర్వే నాటికే నూటికి 42 కాన్పులు ఆపరేషన్లు. అలాంటివారు డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. తేలిగ్గా నడవడం ముందే మొదలుపెట్టొచ్చు కానీ పొట్ట బిగించే వ్యాయామాలు, బరువులెత్తడం తొందరపడి చేయొద్దు.

ఆ తర్వాత పళ్లెంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి. పావు భాగం పప్పు, గుడ్డు, చేప. మిగిలిన పావు అన్నమో జొన్నరొట్టో సజ్జ సంకటో. పూట మానొద్దు. సాయంత్రం ఆకలికి మిరపకాయ బజ్జీ బదులు ఉడకబెట్టిన శనగలు, జామకాయ, మజ్జిగ. రోజు మొత్తంలో 1,800 కేలరీల కన్నా దిగొద్దు. బిడ్డకు పాలు పట్టి అరగంట నడవండి. పాలిచ్చాక నడిస్తే రొమ్ములు బరువుగా అనిపించవు. మామూలు నడక వల్ల పాల రుచి చెడదు, పరిమాణం తగ్గదు. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులూ, కాల్షియం ఆరు నెలలూ మానొద్దు.

మీ బరువుతోపాటు బిడ్డ బరువూ చూస్తుండాలి. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోయాలి. అయిదో నెలకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కావాలి. అంగన్‌వాడీలో తూకం వేసి ఎదుగుదల కార్డులో రాస్తారు. ఆ గీత పైకి పోతుంటే మీ పాలు సరిపోతున్నట్టే. గీత ఆగిందంటే తగ్గడం ఆపి డాక్టరును కలవండి.

ఇవి మాత్రం వద్దు

అన్నం పూర్తిగా మానేసి నూనెలు, కొవ్వుల మీదే బతికే పద్ధతులు 2017-18 ప్రాంతంలో మన ఊళ్లలో జోరుగా నడిచాయి. పాలిచ్చే తల్లికి అది ప్రాణాంతకం కావచ్చు. స్వీడన్ వైద్యులు 2015లో ఒక కేసు ప్రచురించారు. పది నెలల బిడ్డకు పాలిస్తున్న 32 ఏళ్ల తల్లి పది రోజులు అలాంటి ఆహారం తీసుకుంది. నాలుగు కిలోలు తగ్గింది. వాంతులు, గుండెదడ, వణుకుతో ఆస్పత్రిలో చేరింది. మధుమేహం లేకపోయినా రక్తం ఆమ్లంగా మారిపోయింది. చికిత్సతో కోలుకుంది. ఒళ్లు తగ్గించే మాత్రలు, పేరూ ఊరూ లేని పొడులు, ఒంటిపూట భోజనాలు, కటిక ఉపవాసాలు కూడా వద్దు. ఎంత చేసినా బరువు దిగకపోయినా, చేయకుండానే గబగబా దిగిపోతున్నా థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారు కాన్పయిన 6 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

పొలానికి వెళ్లే అమ్మకు

పత్తి తీతలు, ఆ వెంటే మిరప కోతలు మొదలయ్యాయంటే పల్నాడుకు కర్నూలు వైపు నుంచి కూడా కుటుంబాలు తరలివస్తాయి. వాళ్లలో చంటిబిడ్డల తల్లులుంటారు. పొద్దున చల్దన్నం, మధ్యాహ్నం పచ్చడి మెతుకులు, రోజంతా ఎండ. ఈ తల్లి నడుం సన్నబడితే అది నాజూకుతనం కాదు, నష్టం. ఆమె తినాల్సింది ఇంకా ఎక్కువ. అంగన్‌వాడీలో పాలిచ్చే తల్లులకిచ్చే గుడ్లు, పాలు ఆమే తినాలి, ఇంటిల్లిపాదికీ పంచకూడదు. నీళ్ల సీసా గట్టు మీద కాదు, చేతికందేలా ఉండాలి. మిరప కోసిన చేతులు ఉత్త నీళ్లతో కడిగితే ఘాటు పోదు. ముందు నూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో కడిగాకే బిడ్డను ఎత్తుకోవాలి. మందు కొడుతున్న చేలోకి తల్లీ వెళ్లకూడదు, బిడ్డనూ తీసుకెళ్లకూడదు. కూలికి పిలిచే రైతన్నలు పాలివ్వడానికి పూటకో రెండుసార్లు విరామం ఇస్తే వాళ్ల పనేం ఆగిపోదు.

చివరగా ఇంట్లోవాళ్లకు ఒక మాట. పట్నంలో ఉన్నా పల్లెలో ఉన్నా బాలింతకు లేనిది తీరిక. నిద్రలేని తల్లికి ఆకలి ఎక్కువ, ఓపిక తక్కువ. సాయంత్రం ఒక అరగంట బిడ్డను నాన్నో నానమ్మో ఎత్తుకుంటే ఆమె నడిచొస్తుంది. మధ్యాహ్నం ఒక గంట చూసుకుంటే కునుకు తీస్తుంది. తొమ్మిది నెలలు మోస్తూ పెంచుకున్న ఒళ్లు అది. తగ్గడానికి కూడా తొమ్మిది నెలలు పడితే పట్టనివ్వండి. 'ఇంత ఒళ్లు చేశావేం?' అని అడిగే బదులు 'బిడ్డను ఇలా ఇవ్వు, కాసేపు నడిచి రా' అనండి. ఏ డైట్ షీటూ చేయలేని పని ఆ ఒక్క మాట చేస్తుంది.