మనుషుల నొప్పి మాత్రలు మూగజీవాలకు వద్దు: హోసూరు, కృష్ణగిరి పశుపోషకుల సభ తీర్మానం

హోసూరు, బాగలూరు, బేరికె, తళి, డెంకణీకోట, శూలగిరి, వేపనపల్లి, కృష్ణగిరి వైపుల నుంచి వచ్చిన పాడి రైతులు, ఎద్దులు సాకేవాళ్లు, ఇళ్లలో కుక్కల్నీ పిల్లుల్నీ పెంచుకునేవాళ్లు కూడిన ఈ సభ, నొప్పితో ఉన్న జంతువులకు మనుషుల మందులు వేసే అలవాటును చర్చించి ఈ తీర్మానాన్ని ఆమోదించింది.

కుక్క కుంటుతుంటే చూడలేకే ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర డోలో 650 విరిచి సంకటి ముద్దలో దాచి పెడతాం. కసాయితనంతో ఎవరూ ఆ పని చెయ్యరు. పిల్లవాడికి సగం మాత్ర ఇచ్చినట్టే కుక్కకూ సగమిస్తే సరిపోతుందని నమ్ముతాం. ఆ లెక్క తప్పు. మందును విరిచి బయటికి పంపే పని ప్రతి జీవి కాలేయంలోనూ ఒకేలా జరగదు.

పిల్లి సంగతి అన్నిటికన్నా ప్రమాదం. పారాసిటమాల్‌ను నిరపాయంగా వదిలించుకోవడానికి కావలసిన ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. అందుకని ఆ మందు ఒంట్లో విషంగా మారి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేస్తే కిలోకు 125 మిల్లీగ్రాములు పడినట్టు. అందులో పదోవంతు కూడా పిల్లికి ప్రమాదకరమే. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు కొన్ని గంటల్లోనే చాక్లెట్ రంగుకు తిరుగుతాయి, మొహమూ పాదాలూ వాస్తాయి, ఎగశ్వాస మొదలవుతుంది. విరుగుడుగా ఎసిటైల్ సిస్టీన్ ఉంది గానీ, అది గంటల్లో అందాలి. పిల్లికి ఎంత పారాసిటమాల్ ఇవ్వొచ్చని అడిగేవారికి ఈ సభ జవాబు ఒక్కటే: అసలు ఇవ్వకూడదు.

కుక్కకు ఐబుప్రొఫెన్‌తో వచ్చే చేటు వేరు. నొప్పిని పుట్టించే పదార్థాలను ఆ మందు అణుస్తుంది. కడుపు లోపలి పొరను కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవీ ఆ కుటుంబం పదార్థాలే. వాటినీ కలిపి అణిచేస్తుంది. కాంబిఫ్లామ్ మాత్రలో 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్, 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటాయి. అయిదు కిలోల పొమేరియన్‌కు ఆ ఒక్క మాత్రతో కిలోకు 80 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ పడుతుంది. కడుపులో పుండ్లు పడటానికి అది చాలు. వాంతిలో రక్తం, తారులాంటి నల్లటి విరేచనం కనిపిస్తే ఇంట్లో పథ్యాలు పెడుతూ కూర్చోకూడదు. వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

పిడుదుల జ్వరం వచ్చిన కుక్క కూడా కీళ్ల నొప్పులతో కుంటుతుంది. ఆ జ్వరంలో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కాలు బెణికిందనుకుని నొప్పి మాత్ర వేస్తే రక్తస్రావానికి దారి తీసినట్టే. ఇక ‘డాక్టరే నొప్పికి మెలాక్సికామ్ రాశారు కదా, మనుషుల అంగట్లో దొరికేదే వేస్తే ఏం?’ అనేవారికి: పది కిలోల కుక్కకు రోజువారీ మోతాదు సుమారు ఒక మిల్లీగ్రాము. మనుషుల మాత్ర 15 మిల్లీగ్రాములది కూడా ఉంటుంది.

పాడి రైతులు ఇక్కడ ఇంకో మాట గుర్తుంచుకోవాలి. నొప్పి మందైన డైక్లోఫెనాక్ సూది వేసిన ఆవు చచ్చిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతాయని 2004లో పరిశోధకులు తేల్చారు. అప్పటికే మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి మించి అంతరించాయి. 2006లో పశువులకు ఆ మందు తయారీని కేంద్రం నిషేధించింది. అయినా మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాలు పశువుల కొట్టాలకు చేరుతూనే వచ్చాయి. 2015లో మనుషుల సూదిమందును 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదుకు కుదించారు. ఆ నియంత్రణను 2017లో మద్రాసు హైకోర్టు సమర్థించింది. 2023లో పశువులకు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, 2024 డిసెంబరులో నిమెసులైడ్ నిషేధించారు. రాబందులు పోయాక కళేబరాలు కుళ్లి, కుక్కలు పెరిగి, 2000 నుంచి 2005 వరకు ఏటా సుమారు లక్షమంది మనుషులు అదనంగా చనిపోయారని 2024లో అచ్చయిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. రాబందుల కోసం ప్రత్యేకించిన రామదేవరబెట్ట మనకు ఎంతో దూరం లేదు, పక్క రాష్ట్రంలోని రామనగరలోనే ఉంది. రాబందులకు చేటు చెయ్యని మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ ఆమ్లం అందుబాటులో ఉండగా డైక్లోఫెనాక్ వాడటానికి ఏ సాకూ చెల్లదని ఈ సభ అభిప్రాయం.

గుర్రాల పెంపకానికి 1824లో మొదలైన మత్తిగిరి పశువుల ఫారం ఉన్న గడ్డ ఇది. రెండు వందల ఏళ్లుగా పశుశాస్త్రం పక్కనే ఉన్నా, మన ఇళ్లలో జంతువుల వైద్యం ఇప్పటికీ మందులంగడి గల్లాపెట్టె దగ్గరే జరుగుతోంది.

చర్చలో వచ్చిన ఒక అభ్యంతరాన్ని కూడా ఈ సభ నమోదు చేస్తోంది. అంచెట్టి అడవి పక్క పల్లెలో రాత్రి పది గంటలకు గొడ్ల డాక్టరు ఎక్కడ దొరుకుతాడన్నది ఆ ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. అందుకే కిందివి కేవలం యజమానులకు చెప్పే బుద్ధులు కావు.

ఈ సభ ఇలా తీర్మానిస్తోంది.

పశువైద్యుడి మాట లేకుండా మనుషుల నొప్పి మందు ఏదీ మన జంతువులకు వెయ్యము. డాక్టరు అందేదాకా జంతువును కదలనివ్వకుండా కట్టేసి, కొత్త వాపు మీద గుడ్డలో చుట్టిన ఐసు పెడతాము, నీళ్లు అందుబాటులో ఉంచుతాము. ఇప్పటికే మాత్ర వేసివుంటే సిగ్గుపడి దాచము. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకు వేశామో డాక్టరుకు చెబుతాము. ఉప్పునీళ్లు పోసి కక్కించము, ఉప్పే ఇంకో విషమవుతుంది.

మందులంగళ్ల వారికి వినతి: కుక్కకనో ఆవుకనో చెప్పి అడిగినవారికి చీటీ లేకుండా నొప్పి మందులు ఇవ్వవద్దు. మాత్రల పట్టీని కత్తెరతో కోసి నాలుగింటిని కాగితం కవరులో వేసిస్తే పేరూ మోతాదూ పోతాయి, విషం ఎక్కిన జంతువు దగ్గర డాక్టరుకు ఆధారమే మిగలదు. పేరున్న ముక్కనే ఇవ్వండి, లేదా కవరు మీద రాయండి.

తమిళనాడు పశుసంవర్ధక శాఖను ఈ సభ కోరేవి రెండు. హోసూరులోనూ కృష్ణగిరిలోనూ రాత్రిపూట పశువైద్యుడు ఉండే ఏర్పాటు చెయ్యాలి. మనుషుల మందుల ప్రమాదాన్ని తెలిపే బోర్డులను పశువుల ఆసుపత్రుల్లో, పాల సేకరణ కేంద్రాల్లో తమిళంతోపాటు తెలుగు, కన్నడాల్లో కూడా పెట్టాలి. అలాగే ఔషధ నియంత్రణ అధికారులు డైక్లోఫెనాక్ అమ్మకాలను పశువుల సంతల దగ్గరి అంగళ్లలో ముందుగా తనిఖీ చెయ్యాలి.

ఈ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. దీని ప్రతులను కృష్ణగిరి జిల్లా కలెక్టరుకు, పశుసంవర్ధక శాఖ జిల్లా అధికారికి, హోసూరు నగరపాలక సంస్థకు, మందుల వ్యాపారులకు పంపాలని సభ నిర్ణయించింది. జంతువుకు జబ్బు చేస్తే మాత్రల డబ్బా తెరవకముందే పశువుల అంబులెన్సుకు 1962 నంబరుకు ఫోను చెయ్యాలని సభ్యులందరికీ విజ్ఞప్తి.