వెనుక బెంచీకీ పై పాఠం అందాలి

జూన్‌లో బడి తలుపులు తెరవగానే రెండు సెక్షన్లున్న హైస్కూళ్లలో పిల్లల్ని పంచే పని మొదలవుతుంది. పేర్ల వరుసన పంచే బడులు లేకపోలేదు. కాని కొన్నిచోట్ల మార్కుల జాబితా ముందు పెట్టుకొని చురుకైన పిల్లలను ‘ఏ’ సెక్షన్‌లోకి, తక్కినవారిని ‘బి’ సెక్షన్‌లోకి తోస్తున్నారు. ఆరో తరగతిలో పడిన ఆ గీత పదో తరగతి దాకా చెరగడం లేదు.

ఆ ‘బి’ సెక్షన్‌లో ఉండేది ఎవరి పిల్లలో ఊళ్లో అందరికీ తెలుసు. పత్తి తీతల రోజుల్లో తల్లి వెంట చేనుకు పోయిన పిల్ల, చంటి తమ్ముణ్ని చూసుకుంటూ ఇంటిపట్టున ఆగిన పిల్ల, ఇంట్లో చదువు చెప్పే దిక్కులేని పిల్లవాడు. వీరిలో చాలామంది తెలివి లేక వెనుకబడలేదు. పాఠం జరిగిన రోజున బడిలో లేక వెనుకబడ్డారు. అటువంటివారికి నాలుగు ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించి 35 మార్కులతో గట్టెక్కిస్తే చాలుననుకుంటే, పది పాసైనా పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు గాని, ఇంటర్‌లో లెక్కల గ్రూపుకు గాని తట్టుకోలేరు. పదకొండేళ్ల వయసులో బడి వేసిన సెక్షన్ బతుకుతెరువును నిర్ణయించడం ఏం న్యాయం?

అందుచేత అందరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టి అందరికీ పై పాఠమే చెప్పాలనే వాదన వస్తున్నది. కోరిక సమంజసమే. అయితే మాస్టార్ల బాధ కూడా వినాలి. విద్యాహక్కు చట్టం 2010లో అమలులోకి వచ్చి, ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ ఆపకుండా పై తరగతికి పంపాలన్నది. 2019 సవరణ తర్వాతనే ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపే వీలు రాష్ట్రాలకు కలిగింది. పిల్లలు తరగతులు ఎక్కారు గాని చదువు వారితో ఎక్కలేదు. దానికి తోడు కరోనా కాలంలో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. 2022లో జరిగిన అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 43 మందే. భాగహారం రాని పిల్లవాడి ముందు బీజగణితం పెడితే మాస్టారు బోర్డు వైపు తిరిగి చెప్పుకుపోతారు, పిల్లవాడు తల వంచుకుని కూర్చుంటాడు. పేరుకే అది పై తరగతి.

కనుక సెక్షన్లు కలపడం సగం పనే. మిగతా సగం ఎలా చేయవచ్చో ముంబయి, వడోదర నగరాల మునిసిపల్ బడులు చూపాయి. 2001 నుంచి 2003 వరకు అక్కడ ప్రథమ్ సంస్థ ‘బాలసఖి’ అనే పథకం నడిపింది. హైస్కూలు చదువు ముగించిన స్థానిక యువతి, వెనుకబడిన పదిహేను ఇరవై మంది పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదవడం, కూడికలు, తీసివేతలు నేర్పింది. తక్కిన వేళల్లో వారు అందరితో పాటు తరగతిలోనే ఉన్నారు. పరీక్షించి చూడగా అందరికంటే వెనుకబడినవారే ఎక్కువ లాభం పొందినట్లు తేలింది.

ఇక్కడా అదే చేయవచ్చు. సెక్షన్లు పేర్ల వరుసన వేయాలి. రోజుకు ఒక గంట మాత్రం ఎవరికి ఏది రాదో దాని ప్రకారం పిల్లలను విడదీయాలి. లోటు తీరిన పిల్లను ఆ నెలలోనే ఆ గంట నుంచి తప్పించాలి. ముందున్న పిల్లలు చెడిపోతారని వారి తల్లిదండ్రులు భయపడనక్కరలేదు. అదే గంటలో వారికి కష్టమైన లెక్కలు ఇవ్వవచ్చు. ఇంటర్ చదివి ఊళ్లో ఉన్న యువతులకు గౌరవ వేతనమిచ్చి ఈ పని అప్పగించవచ్చు. అయితే ఒక్క లెక్కల మాస్టారితో రెండు సెక్షన్లు నెట్టుకొచ్చే బడిలో ఏ పథకమూ నిలవదు. ఖాళీలు నింపవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆ కమిటీ సున్నాలు, ప్రహరీ గోడల లెక్కలతో సరిపెట్టుకోరాదు. సెక్షన్లు ఏ లెక్కన వేశారు, భాగహారం రానివారు ఎందరు, వారికి ఏ గంట కేటాయించారు అన్న మూడు ప్రశ్నలు ప్రతి సమావేశంలోనూ అడగాలి. కూలికి పోయే తల్లులు కూడా వచ్చి అడిగేందుకు వీలుగా ఆ సమావేశాలను సాయంత్రం పూట పెట్టాలి.