ఎఫ్‌ఎం రేడియో: పాటలకు ఓకే.. వార్తలకు నో! లోకల్ న్యూస్‌కు అడ్డేంటి?

పొద్దున్నే ఆటో ఎక్కితే ఎఫ్‌ఎంలో ఏం వినిపిస్తుంది? పాటలు, ఆర్జే జోకులు, బంగారం షాపు యాడ్స్, మధ్యలో ట్రాఫిక్ అప్‌డేట్. అంతే. మరి మీ వార్డులో నాలుగు రోజులుగా నీళ్లు ఎందుకు రావట్లేదని ఆ ఆర్జే అధికారులను నిలదీయడం ఎప్పుడైనా విన్నారా? విని ఉండరు. ఎందుకంటే మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పడానికి వీల్లేదు.

న్యూస్, టాక్, స్పోర్ట్స్.. ఈ మూడింటితోనే నడిచే లోకల్ స్టేషన్లు అమెరికా నగరాల్లో మామూలే. మన దగ్గర మాత్రం టీవీకి, పేపర్‌కి, యూట్యూబ్‌కి లేని ఆంక్ష ఒక్క రేడియోకే ఉంది.

రూల్ ఏం చెబుతోంది?

2011 నాటి ఫేజ్-3 పాలసీ ప్రకారం ప్రైవేటు ఎఫ్‌ఎంలు ఆకాశవాణి బులెటిన్లను మార్పుల్లేకుండా వినిపించుకోవచ్చు. వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగాల సమాచారం చెప్పొచ్చు. లోకల్ మ్యాచ్‌లకు లైవ్ కామెంటరీ కూడా ఇవ్వొచ్చు. కరెంటు, నీటి సరఫరా, విపత్తుల ప్రకటనలకూ ఓకే. కాకపోతే అవి స్థానిక యంత్రాంగం ఇచ్చినవే అయి ఉండాలి. అసలు మెలిక ఇక్కడే ఉంది.

బుడమేరు వరద గుర్తుందా?

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు. డ్రోన్లతో ఆహార పొట్లాలు అందించాల్సి వచ్చింది. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో అక్కరకొచ్చేది సరిగ్గా ఇలాంటప్పుడే.

రూల్ ప్రకారం చూస్తే, కలెక్టరేట్ ఇచ్చిన హెచ్చరికను ప్రైవేటు ఎఫ్‌ఎం చదవొచ్చు. కానీ 'గండి ఎలా పడింది? మా వీధికి పడవ ఎందుకు రాలేదు?' అని బాధితులను మాట్లాడించి, అధికారిని లైన్‌లోకి తీసుకుంటే అది వార్త కిందకు వస్తుంది. అంటే చెప్పింది చదవొచ్చు, ప్రశ్న మాత్రం అడగకూడదు.

కేంద్రం ఏమంటోంది?

కేంద్రం చెబుతూ వచ్చిన కారణం భద్రత. అయితే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఎఫ్‌ఎంలలో వార్తల నిషేధంపై 2013లో పిటిషన్ కూడా పడింది. 2023 సెప్టెంబర్‌లో ట్రాయ్ మధ్యే మార్గం చూపింది. గంటకు 10 నిమిషాలకు మించకుండా వార్తలకు అనుమతివ్వాలని, ఆకాశవాణికి ఉన్న ప్రోగ్రామ్ కోడ్‌నే వీళ్లకూ పెట్టాలని సిఫార్సు చేసింది.

2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ 234 కొత్త నగరాల్లో 730 ఎఫ్‌ఎం ఛానళ్ల వేలానికి ఓకే చెప్పింది. ఇందులో ఏపీకి 22 పట్టణాల్లో 68, తెలంగాణకు 10 పట్టణాల్లో 31 ఉన్నాయి. ఒంగోలు, శ్రీకాకుళం, మదనపల్లె, ఆదిలాబాద్, ఖమ్మం, సూర్యాపేట ఈ లిస్టులోవే. మాతృభాషలో లోకల్ కంటెంట్ వస్తుందని ఆ ప్రకటనలో చెప్పారు. వార్తల అనుమతి ఊసు మాత్రం లేదు.

అనుమతి ఇస్తే చాలా?

చాలదనే చెబుతోంది న్యూయార్క్ అనుభవం. అక్కడ 1967 నుంచి వార్తలతో నడిచిన డబ్ల్యూసీబీఎస్ 880 స్టేషన్, కేబినెట్ నిర్ణయానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఆగస్టు 26న వార్తలు ఆపేసింది. అదే ఫ్రీక్వెన్సీలో ఇప్పుడు ఈఎస్‌పీఎన్ స్పోర్ట్స్ రేడియో వస్తోంది. అక్కడ వార్తలను ఆపింది చట్టం కాదు, మార్కెట్. రిపోర్టర్లకు జీతాలివ్వాలి, పాటలతో పోలిస్తే వార్తలకు ఖర్చెక్కువ. రేపు అనుమతి వచ్చినా సూర్యాపేటలో ఒక చిన్న స్టేషన్ ఆ ఖర్చు ఎలా భరిస్తుందన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయమే.

కానీ ఆ లెక్క వేసుకునే ఛాన్సే మన స్టేషన్లకు లేదు. అక్కడ 57 ఏళ్లు నడిచాక వార్తలు ఆగాయి. ఇక్కడ ఇంకా మొదలే కాలేదు. కొత్త ఎఫ్‌ఎంలు వచ్చేలోగా ఈ రూల్ మారకపోతే, మదనపల్లెలో టమాటా ధర పడిపోయిన రోజు కూడా అక్కడి రేడియోలో వినిపించేది పాటలే. రైతు గొంతు కాదు.