సంతోషానికి దిష్టి తగులుతుందా?

బిడ్డ బొద్దుగా ఉన్నాడని ఎవరైనా అంటే తల్లి మురిసిపోతుంది, ఆ వెంటనే బెదురుతుంది. సాయంత్రం ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని నమ్ముతారు. ‘అంత నవ్వకు, ఏడుస్తావు’ అని పిల్లలను వారించే ఇళ్లు ఎన్ని లేవు!

ఈ భయం ఊరికే పుట్టలేదు. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అనో, ఎంగిలి విస్తట్లో పడుకోబెట్టి పుల్లయ్య అనో పిలుచుకున్నారు. ఆ పేర్ల వెనక ఉన్న కడుపుకోతను నేను చులకన చేయలేను. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది శిశువులు ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. దిష్టి తీయడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కొత్తగా విస్తరించినవి టీకాలు, ఆస్పత్రి కాన్పులు, విరేచనాలకు ఓఆర్‌ఎస్. కీడును ఊహించడం తప్పు కాదు. ఆ ఊహ టీకా వేయిస్తే బిడ్డ బతుకుతాడు, మిరపకాయలు కాల్పిస్తే భయమే బతుకుతుంది.

మరి పొగిడిన మర్నాడే జ్వరం వచ్చిందంటారే? పొగిడినా ఏమీ కాని రోజులను ఎవరూ గుర్తుపెట్టుకోరు. పైగా, బాగా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సాధారణంగా అంత పొడవు పెరగరని, సగటు వైపు జరుగుతారని శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే చూపించాడు. పరీక్ష మార్కులైనా, వ్యాపారంలో లాభాలైనా అంతే. మరీ బాగున్నప్పుడే జనం పొగుడుతారు, ఆ తర్వాత కాస్త తగ్గడం మామూలు. ఆ తగ్గుదలకు ఎవరి కన్నూ కారణం కాదు.

కానీ మనం కన్నును వెతుకుతాం. అది ఎప్పుడూ పిల్లలు లేని ఆడమనిషిదో, భర్త పోయిన ఆమెదో అవుతుంది. సీమంతంలో ఆమె వెనక వరసలో నిలబడుతుంది, ఒక్కోసారి అసలు పిలుపే రాదు. మన సంతోషాన్ని కాపాడుకుంటున్నామనుకుని ఆమె సంతోషాన్ని తుంచేస్తున్నాం. ఇది మూఢనమ్మకమే కాదు, క్రూరత్వం.

ఈసారి మీ ఇంట్లో సీమంతం జరిగితే, పిల్లలు లేని ఆ పిన్నిని ముందుగా పిలవండి. మొదటి గాజులు ఆమె చేతే తొడిగించండి.